యంత్రశ్రవణము, గ్రంథసంచయము: రాజ్ రెడ్డిగారి కృషియు చిత్తూరు సీమ తెలుగును

మదనపల్లె, పుంగనూరు, కుప్పము - ఈ మూడును 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు పడమటి, నైరుతి భాగములు. ఆ జిల్లాకే తూర్పుకొన శ్రీకాళహస్తి ప్రాంతము. 2022 ఏప్రిలులో పునర్విభజన జరుగునంతవఱకు ఈ నేలయంతయు ఒకే జిల్లాగా నుండెను. ఆ తూర్పుభాగమున, కాటూరు గ్రామమున, 1937 జూన్ 13వ తేదీన దబ్బల రాజగోపాలరెడ్డిగారు ఒక వ్యవసాయకుటుంబమున జన్మించిరి. లోకము వీరిని రాజ్ రెడ్డి యను పేర నెఱుగును. వీరి జీవితమును పల్లెనుండి అమెరికా విశ్వవిద్యాలయమునకు సాగిన విజయగాథగా వ్రాయుట పరిపాటి యైనది. అది అసత్యము కాదు. కాని తెలుగు శాఖలలో పనిచేయు మనకు అందువలన ప్రయోజనము స్వల్పము. పలుకబడు భాషను ఒకమాఱును, వ్రాయబడిన భాషను మఱియొకమాఱును యంత్రమునకు అందింపవలెనని వీరు పూనిన రెండు యత్నములు తెలుగునందు ఇంకను ఒకదానినొకటి కలిసికొనలేదనుట మా ప్రతిపాదన.

మద్రాసులోని గిండీ కళాశాలలో 1958లో సివిల్ ఇంజనీరింగు పట్టము, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున 1960లో ఎం.టెక్., పిదప ఆ దేశముననే ఐ.బి.ఎం. సంస్థలో ఉద్యోగము - ఇంతవఱకు మన విషయమునకు అవసరమైనది తక్కువ. జాన్ మెకార్తీ శిష్యులై స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు పొందుటతో అసలు చరిత్ర మొదలగును. ఆ సిద్ధాంతవ్యాసము మానవుని మాటను కంప్యూటరుచే గుర్తింపజేయుటను గూర్చినది. 1969లో వీరు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు మారిరి. శ్రీకాళహస్తి సీమకు దూరము కాని శ్రీహరికోట రాకెట్ల ప్రయోగమునకు ఎంపికయైనదియు ఆ యేడే. ఇది కాకతాళీయమే యైనను, ఆ రెండు శాస్త్రములకును మూలమున చుట్టఱికము లేకపోలేదు. 1957లో సోవియట్ ప్రభుత్వము స్పుత్నిక్‌ను పంపగా, ఆ తత్తఱపాటున అమెరికా రక్షణశాఖ 1958లో ఆర్పా యను సంస్థను నెలకొల్పెను. 1971 మొదలు 1976 వఱకు, మాటను గ్రహించు యంత్రముల నిర్మాణమునకు ధనమిచ్చినది ఆ సంస్థయే.

సమస్య యెట్టిదో చూడుడు. మాటలాడునపుడు పదముల నడుమ ఎడముండదు. ఒకే వర్ణము ప్రక్కవర్ణమును బట్టియు, పలుకువానిని బట్టియు మాఱును. వర్ణముల నొక్కొక్కటిగా గుర్తించి కూర్చినచో వాక్యమగునని తొలుత తోచును గాని, ధ్వని యొక్కటే ఆధారముగా నిర్ణయము జరుగదు. రెడ్డిగారి బృందము నిర్మించిన హియర్సే యను వ్యవస్థ వేఱు మార్గము త్రొక్కెను. ధ్వని నెఱిగిన భాగమొకటి, పదముల నెఱిగినది మఱియొకటి, వాక్యనిర్మాణము నెఱిగినది ఇంకొకటి. ఇవి తమతమ ఊహలను ఒక ఉమ్మడి నల్లబల్లపై వ్రాయును, ఒకటి వ్రాసినదానిని మఱియొకటి సవరించును. తొలి హియర్సే ఈ విధమున చదరంగపు ఎత్తులను నోటిమాటనుండి గ్రహించెను.

తాళపత్రప్రతులను పరిష్కరించువారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. పురుగు తిన్నచోట, మిగిలిన గీతను బట్టి ఒక యక్షరము తోచును. యతిప్రాసలు దానిని కాదనును. అన్వయము మఱియొక పాఠమును కోరును. అన్నియు ఒప్పుకొన్నపుడే పాఠము నిలుచును. పరిష్కర్త మనస్సున జరుగుదానిని రెడ్డిగారు యంత్రమున జరిపింపజూచిరి.

1976లో వీరి బృందమునుండియే వెలువడిన హార్పీ 1011 పదములను గుర్తింపగలిగెను. అంతలో వీరి శిష్యులలో జేమ్స్ బేకర్ సంభావ్యతాగణితమును ప్రవేశపెట్టిరి. 1988 నాటికి కై-ఫూ లీ అను మఱియొక శిష్యుడు ఆ గణితముతోనే స్ఫింక్స్ అను వ్యవస్థను రూపొందించెను. అది ఏ వక్త పలికినను ఇంచుమించు వేయి పదములను గ్రహించెను. నియమముల స్థానమును ఉచ్చారణల గణన ఆక్రమించినది గనుక భాషావేత్తకు ఇక పని లేదని తలచినవారు కలరు. మేము ఒప్పుకొనము. స్ఫింక్సునకును ఉచ్చారణనిఘంటువు కావలసివచ్చెను. ఏ పదము నెవరెట్లు పలుకుదురో ఎవరో ఒకరు ముందుగా సేకరింపవలసినదే.

1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి పొందిన ట్యూరింగ్ పురస్కారము ఆసియా సంతతివారికి దక్కినవానిలో మొదటిది. 2001లో పద్మభూషణ్ లభించెను. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వీరు తొలి కులపతులు. పల్లెల ప్రభుత్వపాఠశాలలలో చదివినవారికి ప్రాధాన్యమిచ్చు ఆ విద్యాలయమువలన పుంగనూరు, కుప్పము వంటి చోట్ల పదవతరగతి ముగించిన పిల్లలకు ఇంజనీరింగు చదువు చేరువయైనది.

మనకు మిక్కిలి పరిచితమైనది వీరి రెండవ యత్నము. 2000 తరువాత కార్నెగీ మెలన్‌లో ఆరంభమైన పదిలక్షల గ్రంథముల పథకమునకు భారతదేశమున రూపమిచ్చినవారు బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ఆచార్య నారాయణస్వామి బాలకృష్ణన్. వీరు విమానాంతరిక్షశాస్త్రమునను, గణనశాస్త్రమునను ఆచార్యులు. 2002లో పద్మశ్రీ పొందినవారు. రాడారు తరంగములను గణించుటకు కంప్యూటరును చేపట్టిన శాస్త్రజ్ఞుడు జీర్ణగ్రంథముల పుటలను చిత్రములుగా తీయించుటకు పూనుకొనుట వింతగా తోచవచ్చును. కాని అపారమైన సమాచారమును నిలువజేయుట రెండింటికిని సామాన్యమైన పని. హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.యందును, తిరుపతిలో దేవస్థానమువారి కేంద్రమునందును వేలకొలది తెలుగు గ్రంథములు ఇట్లు చిత్రరూపము దాల్చి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో చేరెను.

లోపములు లేకపోలేదు. గ్రంథనామములను రోమనులిపిలో తప్పులతడకగా నమోదు చేయుటచే ఉన్న గ్రంథమే లేనట్లు కనబడును. 2017 ప్రాంతమున ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు నిలిచిపోగా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచిన ప్రతులే మనకు దిక్కయినవి. అయినను గ్రంథాలయముల చుట్టును తిరుగవలసిన పరిశోధకుడు ఇంటనుండియే మూలములను చూడగలిగినపుడు, ఈ లోపములకు పెదవివిఱుచుట న్యాయము కాదు. అసలు కొఱత వేఱొకటి. ఆ పుటలు చిత్రములు. ఆ చిత్రములనుండి అక్షరములు రాబట్టినను, అందలి తెలుగు గ్రంథములలోని తెలుగు.

చదువురానివాడును నోటిమాటతో యంత్రమును వాడగలుగవలెననుట రెడ్డిగారు పలుమాఱులు చెప్పిన ఆశయము. కుప్పము రైతు "ఉండాది" అనును, "యాడ" అనును. గ్రంథము "ఉన్నది" అనును, "ఎక్కడ" అనును. పైగా కన్నడ, తమిళములు ఇరువైపుల ఒరసికొను సీమ యది. ఈ భేదముల సేకరణకు మనవారు ఆలసింపలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము, వ్యవసాయపదములతో, 1962లోనే వెలువడినది. రెడ్డిగారి సిద్ధాంతవ్యాసమునకు అది నాలుగేండ్లు ముందు. హియర్సే కోరిన జ్ఞానమువంటిదే అందున్నది, ధ్వని తప్ప. ఆ పదముల పట్టికనే చేతబట్టి మదనపల్లె టమోటా మార్కెట్టులోను, పుంగనూరు పల్లెలలోను, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన కుప్పపు పరిసరములందును మరల తిరిగి, ఈసారి వ్రాతతోబాటు కంఠధ్వనిని గూడ పట్టుట ఒక పరిశోధకవిద్యార్థికి మూడేండ్ల పని.