సోషల్ వర్క్ చదువు: డిచ్‌పల్లి ఆసుపత్రి నుంచి భిక్కనూరు క్యాంపస్ దాకా

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో సామాజిక సేవ వృత్తిగా మారకముందే ఆసుపత్రి పనిగా వేళ్లూనుకుంది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి కొత్త జిల్లాగా ఏర్పడేదాకా ఈ రెండు పట్టణాలూ నిజామాబాద్ జిల్లాలోనివే. ఆ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ వైద్యురాలు కుష్ఠు రోగుల కేంద్రం నెలకొల్పారు. నర్సాగౌడ్ అనే దాత భారీ విరాళం ఇచ్చి దాన్ని నిలబెట్టారు. ఊరు వెలివేసిన మనిషికి వైద్యంతోపాటు తలదాచుకునే చోటు కూడా అక్కడ దొరికింది. ఇప్పటి పాఠ్యపుస్తకాలు పునరావాసం అనే ఆ పని నేర్పే విద్యాలయం అప్పటికి దేశంలో లేదు.

అలాంటి మొదటి విద్యాలయం 1936లో బొంబాయిలో వచ్చింది. అదే తర్వాత టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్) అయింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది లేదా అంతకుమించి పనిచేసే కర్మాగారాల్లో సంక్షేమ అధికారిని తప్పనిసరి చేయడంతో ఈ చదువుకు ఉద్యోగం తోడైంది. తెలుగువారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు. హైదరాబాద్‌లో సంఘసేవకురాలు రోడా మిస్త్రీ పేరిట సోషల్ వర్క్ కళాశాల వెలసింది.

పల్లెల్లో మాత్రం మార్పు ప్రభుత్వ పథకాల వెంట నడిచింది. 1952లో సమాజ వికాస పథకం, 1975లో అంగన్‌వాడీలు, 2000 తర్వాత పేదరిక నిర్మూలన పథకాలైన వెలుగు, ఇందిరా క్రాంతి పథం వచ్చాయి. ఉపాధి హామీ తొలి విడత జిల్లాల్లో నిజామాబాద్ ఒకటి. మహిళా సంఘాలను నడిపించే సమన్వయకర్తలు (సీసీలు), అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజర్లు (ఏపీఎంలు), ఉపాధి పనుల సామాజిక తనిఖీ బృందాలు ఊళ్లకు కొత్త రకం ఉద్యోగులు. వీరిలో చాలామంది సోషల్ వర్క్ చదవకుండానే పనిలో ఆరితేరారు. వృత్తి చరిత్రలో వారి పాత్రను తక్కువగా చూడడం అన్యాయం.

2006లో డిచ్‌పల్లి కేంద్రంగా తెలంగాణ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక చదువు దగ్గరైంది. దాని దక్షిణ ప్రాంగణం కామారెడ్డి జిల్లా భిక్కనూరులో ఉంది, ఎం.ఎస్‌.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) అక్కడే నడుస్తోంది. డిగ్రీ చేసినవారు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఈ రెండేళ్ల కోర్సులో చేరవచ్చు. ఈ చదువుకు ప్రాణం ఫీల్డ్ వర్క్. బీడీలు చుట్టే మహిళలు, గల్ఫ్‌కు వెళ్లినవారి కుటుంబాలు, ఎల్లారెడ్డి వైపు లంబాడా తండాలు: ఇంతకన్నా సజీవమైన పాఠశాల పెద్ద నగరంలో దొరకడం కష్టం. గల్ఫ్ ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరకముందే మనిషి తిరిగొచ్చిన ఇంట్లో విద్యార్థి ఒకేసారి రుణం, వలస, మానసిక వేదన, పిల్లల చదువు అనే నాలుగు సమస్యలను చూస్తాడు. టిస్‌కు పేరు, విస్తృతమైన పరిచయాలు ఉన్నాయి. అయినా కళాశాలను ఎంచుకునేటప్పుడు ముందుగా అడగవలసింది ఫీల్డ్ వర్క్‌ను ఎవరు, వారానికి ఎన్ని రోజులు పర్యవేక్షిస్తారన్నదే.

ఉద్యోగాలు స్పెషలైజేషన్‌ను బట్టి మారతాయి. సమాజాభివృద్ధి చదివినవారు గ్రామీణాభివృద్ధి సంస్థల్లోకి, స్వచ్ఛంద సంస్థల్లోకి వెళ్తారు. లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు విధించాక, కార్పొరేట్ సంస్థలు కూడా వీరిని తీసుకుంటున్నాయి. కుటుంబ, శిశు సంక్షేమం చదివినవారికి జిల్లా బాలల పరిరక్షణ విభాగం, సఖి కేంద్రం ఉన్నాయి. ఈ ప్రభుత్వ కొలువుల్లో ఎక్కువ కాంట్రాక్టువే, కాబట్టి అభ్యర్థి దాన్ని లెక్కలో ఉంచుకోవాలి. వైద్య సామాజిక కార్యకర్తలకు ఆసుపత్రులు, ఎయిడ్స్ నియంత్రణ కౌన్సెలింగ్ కేంద్రాలు చోటిస్తాయి.

మానసిక వైద్య రంగానిది వేరే దారి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవడానికి ఎం.ఎస్‌.డబ్ల్యూ. చాలదు, ఆ విషయంలోనే రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. కావాలి. ఇందుకు బెంగళూరు నిమ్‌హాన్స్ వంటి సంస్థలకు వెళ్లాలి. కళాశాలలో పాఠాలు చెప్పదలచినవారు పీజీ తర్వాత నెట్‌ లేదా రాష్ట్ర సెట్‌లో సోషల్ వర్క్ పేపరు రాస్తారు, పరిశోధన వైపు మొగ్గేవారు పీహెచ్‌.డీ.లో చేరతారు.