ఫుజియాన్

చైనా ఆగ్నేయ తీరంలో, తైవాన్ జలసంధికి పడమటి ఒడ్డున ఉన్న రాష్ట్రం ఫుజియాన్. ఉత్తరాన జెజియాంగ్, పడమట జియాంగ్‌షీ, నైరుతిన గ్వాంగ్‌డాంగ్ దీనికి ఎల్లలు. వైశాల్యం సుమారు 1,24,000 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణన ప్రకారం జనాభా దాదాపు 4.15 కోట్లు, రాజధాని ఫుజౌ. వెనుక కొండలు, ముందు కడలి ఉన్న ఈ నేల, పాలకులు రేవులు తెరిచి ఉంచిన కాలాల్లో వర్ధిల్లింది, మూయించిన కాలాల్లో కుంగిపోయింది.

భౌగోళిక స్వరూపం

ఎనిమిది పాళ్లు కొండ, ఒక పాలు నీరు, ఒక పాలు పొలం అని ఈ ప్రాంతాన్ని గురించి ఒక నానుడి ఉంది. పడమటి సరిహద్దున బారులు తీరిన వుయీ పర్వతాల్లో ఎత్తైన శిఖరం హువాంగ్‌గాంగ్ సుమారు 2,160 మీటర్లు. కొండల్లో పుట్టి, ఫుజౌ మీదుగా సాగి సముద్రంలో కలిసే మిన్ ఇక్కడి ప్రధాన నది. లోయకూ లోయకూ రాకపోకలు తక్కువ కావడం వల్ల, మిన్ భాషలని పిలిచే ఇక్కడి చైనా మాండలికాలు ఒకదానికొకటి అర్థంకానంతగా వేరుపడ్డాయి. నైరుతి కొండల్లో బందిపోట్ల భయానికి వంశమంతా ఒక్కచోట ఉండేందుకు కట్టుకున్న మట్టికోటల వంటి ఇళ్లను తులౌ అంటారు. వీటిలో 46 కట్టడాలను యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సాగునేల కొరత జనాన్ని సముద్రం వైపు నడిపించగా, అఖాతాలతో నిండిన తీరం వారికి సహజమైన రేవులను ఇచ్చింది.

ప్రాచీన చరిత్ర

క్రీ.పూ. 202లో హాన్ చక్రవర్తి గుర్తింపు పొందిన మిన్‌యుయే రాజ్యం క్రీ.పూ. 110లో హాన్ సేనల చేతిలో అంతరించింది. ఉత్తరాదిన యుద్ధాలు చెలరేగినప్పుడల్లా వలస వచ్చిన చైనీయులు క్రమంగా ఇక్కడ స్థిరపడ్డారు. టాంగ్ వంశం పతనమయ్యాక, 909లో వాంగ్ షెన్‌జీ మిన్ రాజ్యాధిపతిగా గుర్తింపు పొందాడు. ఆ రాజ్యం 945 వరకు నిలిచింది.

రేవుల వైభవం

సోంగ్ పాలకులు 1087లో చువాన్‌జౌ రేవులో సముద్ర వ్యాపార కార్యాలయాన్ని, అంటే విదేశీ ఓడల సరకును తనిఖీ చేసి సుంకం వసూలు చేసే కచేరీని, నెలకొల్పారు. అప్పటికే 1059లో ఆ ఊరి చెంత లువోయాంగ్ వంతెన పూర్తయింది. పోటుపాట్ల ఉద్ధృతికి కదలకుండా దాని పునాదిరాళ్లపై ఆల్చిప్పలను పెంచగా, అవి రాళ్లను అంటిపట్టుకొని సున్నంలా బిగించాయి. అరబ్బులు జైతూన్ అని పిలిచిన ఈ రేవును, కాకతీయుల మోటుపల్లిని కూడా వర్ణించిన మార్కో పోలో, ప్రపంచంలోని అతి పెద్ద రేవుల్లో ఒకటిగా పేర్కొన్నాడు. ఇక్కడ స్థిరపడిన తమిళ వర్తకులు శివాలయం కట్టుకున్నారని 1281 నాటి తమిళ, చైనా భాషల శాసనం తెలుపుతుంది. 1974లో హౌజూ వద్ద బురదలోంచి బయటపడిన 13వ శతాబ్దపు ఓడలో మిరియాలు, సుగంధపు చెక్కలు దొరికాయి. దాని అడుగుభాగాన్ని అడ్డుగోడలతో 13 గదులుగా విభజించారు గనుక, ఒక గదిలోకి నీరు చొరబడినా మిగిలినవి మునగవు.

నిషేధాలు, యుద్ధాలు

మింగ్ వంశం ప్రైవేటు సముద్ర వ్యాపారాన్ని నిషేధించగా, తీరవాసులు దొంగచాటు వర్తకానికి, విదేశీ వలసలకు దిగారు. చివరకు 1567లో యుయెగాంగ్ రేవును తెరవక తప్పలేదు. మింగ్ పక్షాన పోరాడిన జెంగ్ చెంగ్‌గాంగ్ 1662లో డచ్చివారి నుంచి తైవాన్‌ను గెలుచుకున్నాడు. అతనికి సాయం అందకుండా, మింగ్ స్థానంలో అధికారానికి వచ్చిన చింగ్ వంశ పాలకులు 1661 నుంచి తీర గ్రామాలను ఖాళీ చేయించడంతో లక్షలాది జనం నిలువనీడ కోల్పోయారు. 1683లో తైవాన్ లొంగిపోయిన తరువాత, రెండు శతాబ్దాల పాటు అది ఫుజియాన్‌లో అంతర్భాగంగా పాలన పొందింది.

నల్లమందు యుద్ధానంతరం 1842లో కుదిరిన నాన్‌జింగ్ సంధి, ఫుజౌ, షియామెన్ రేవులను బ్రిటిష్ వ్యాపారానికి తెరిచింది. వుయీ తేయాకు ఎగుమతులు పెరిగాయి. 1866లో ఫుజౌ సమీపంలోని మావేయిలో ఆధునిక నౌకా నిర్మాణశాల, దాని అనుబంధ పాఠశాల వెలిశాయి. 1884లో ఫ్రెంచి నౌకాదళం అక్కడి చైనా నౌకలను ధ్వంసం చేసింది. బతుకుతెరువు కోసం ఆగ్నేయాసియాకు వలస వెళ్లినవారు ఊళ్లను మరవలేదు. సింగపూర్‌లో రబ్బరు వ్యాపారంతో సంపన్నుడైన టాన్ కాకీ 1921లో షియామెన్ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు.

ఆధునిక కాలం

1949లో కమ్యూనిస్టులు ప్రధాన భూభాగాన్ని గెలుచుకున్నా, తీరానికి ఎదురుగా ఉన్న కిన్‌మెన్, మాత్సు దీవులు తైవాన్ ప్రభుత్వం చేతిలోనే మిగిలాయి. యుద్ధభయం నీడలో ఫుజియాన్‌లో భారీ పరిశ్రమలు పెట్టడానికి కేంద్రం వెనుకాడింది. 1980లో షియామెన్ ప్రత్యేక ఆర్థిక మండలిగా ఏర్పడడంతో, ప్రవాసుల, తైవాన్ వ్యాపారుల పెట్టుబడులు తీరాన్ని మళ్లీ వర్తక కేంద్రంగా మార్చాయి. 2001లో షియామెన్, కిన్‌మెన్‌ల మధ్య నేరుగా నౌకల రాకపోకలు మొదలయ్యాయి. చువాన్‌జౌలోని సోంగ్, యువాన్ కాలాల వర్తక కట్టడాలు 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందాయి.