అమెరికా రాజకీయములలో సంప్రదాయ క్రైస్తవము: బాప్టిస్టుల రెండు శతాబ్దుల మార్గము

నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల తెలుగువారికి బాప్టిస్టు అను పేరు క్రొత్తది కాదు. అమెరికా నుండి వచ్చిన శామ్యూల్ డే 1836లో తెలుగుదేశమున అడుగుపెట్టి, 1840లో నెల్లూరిని తన కార్యస్థానముగా చేసికొనెను. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ, గొప్ప కరవునకు పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మిప్పించెను. ఆ యేటనే లైమన్ జ్యూవెట్ మద్రాసు చేరి అచ్చటి తెలుగువారి నడుమ పని ప్రారంభించెను. 1903లో నెల్లూరినుండి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయి, చెఱకు తోటలలో శ్రమించు తెలుగు కూలీలకు బోధకుడయ్యెను. ఇట్లు ప్రవాసాంధ్రుల చరిత్రలో సైతము ఈ శాఖకు చోటు కలదు. కాని ఈ శాఖ తన పుట్టినింట రాజ్యాధికారముతో ఎట్టి సంబంధము పెట్టుకొనెనో తెలిసినవారు తక్కువ. ఆ సంబంధమే ఈ వ్యాసమునకు విషయము.

అమెరికాలో సంప్రదాయ క్రైస్తవులు 1980 ప్రాంతమున హఠాత్తుగా రాజకీయములలోనికి వచ్చిరని సామాన్యముగా చెప్పుదురు. వారు అంతకు పూర్వమును రాజ్యము తలుపు తట్టినవారే. అయితే మొదట తట్టినది తమ్ము విడిచిపెట్టుమని కోరుటకు. పిదప తట్టినది తమకు తోడ్పడుమని కోరుటకు. ఈ మార్పు ఎట్లు కలిగినదో గ్రహించినగాని నేటి అమెరికా రాజకీయము బోధపడదు.

పదునేడవ శతాబ్దమున మాసచూసెట్సు వలసలో సంఘము, ప్రభుత్వము పెనవేసికొని యుండెను. మనస్సాక్షిపై దండనాధికారికి హక్కు లేదని వాదించిన రోజర్ విలియమ్సునకు 1635లో బహిష్కార శిక్ష పడినది. అతడు 1636లో ప్రావిడెన్సు పట్టణమును స్థాపించెను. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘము అచ్చటనే వెలసినది. దక్షిణమున వర్జీనియాలో ఆంగ్లికను సంఘమే రాజమతము. 1768 మొదలుకొని అనుమతిపత్రము లేక బోధించిరను నేరముపై పలువురు బాప్టిస్టు బోధకులు అచ్చట చెఱసాలల పాలైరి. వారి దురవస్థ యువకుడైన జేమ్సు మాడిసన్ మనస్సును కలచివైచెను. జెఫర్సన్ రచించిన మతస్వాతంత్ర్య శాసనమును 1786లో వర్జీనియా సభచే ఆమోదింపజేసినవాడు ఈ మాడిసనే. 1791లో అమలునకు వచ్చిన రాజ్యాంగ ప్రథమ సవరణ, కాంగ్రెసు ఏ మతమును రాజమతముగా నెలకొల్పరాదనియు, మతాచరణమును నిషేధింపరాదనియు విధించెను.

కాని ఆ సవరణ నాడు కేంద్రమును మాత్రమే బంధించెను. కనెక్టికట్ రాష్ట్రమున కాంగ్రిగేషనల్ సంఘమునకే రాజాదరణ నిలిచియుండెను. బాప్టిస్టులు ఆ సంఘమునకై విధించిన పన్ను తప్పించుకొనవలెనన్న, తాము వేఱు శాఖవారమని ధ్రువపత్రము దాఖలు చేసికొనవలసి యుండెను. 1801లో డాన్‌బరీ బాప్టిస్టు సమాఖ్య అధ్యక్షుడైన జెఫర్సనునకు తమ బాధ విన్నవించుకొనినది. 1802 జనవరి 1వ తేదీన అతడు వ్రాసిన ప్రత్యుత్తరముననే సంఘమునకు, రాజ్యమునకు నడుమ అడ్డుగోడ యను ప్రసిద్ధమైన ఉపమానము కానవచ్చును. ఆ దినముననే జాన్ లీలండ్ అను బాప్టిస్టు బోధకుడు తన యూరివారు తయారుచేసిన 1,235 పౌండ్ల చీజు గడ్డను కానుకగా తెచ్చి జెఫర్సనునకు సమర్పించెను. జెఫర్సన్ నాస్తికుడని ఇతర శాఖల బోధకులు కొందరు నిందించుచున్న కాలమది. అతని విశ్వాసమెట్టిదైనను తమ విశ్వాసమునకు చేటు రాదని బాప్టిస్టులు నమ్మిరి. కనెక్టికట్‌లో 1818లోను, మాసచూసెట్సులో 1833లోను రాజమతము రద్దయ్యెను.

తరువాతి చీలిక బానిసత్వమువలన వచ్చినది. బానిసల యజమానులను మిషనరీలుగా నియమించుటకు ఉత్తరాదివారు అంగీకరింపకపోగా, దక్షిణాదివారు 1845లో జార్జియాలోని అగస్టాలో సదరన్ బాప్టిస్టు కన్వెన్షనును వేఱుగా స్థాపించుకొనిరి. నెల్లూరు మిషనును అటుపై పోషించినది ఉత్తర శాఖయే. దక్షిణ శాఖ నానాటికి పెరిగి, క్రమముగా దేశమున అతిపెద్ద ప్రొటెస్టెంటు సంస్థయయ్యెను. బానిసత్వమును సమర్థించినందులకు అది 1995లో బహిరంగముగా క్షమాపణ కోరినది.

దక్షిణాదిని బాప్టిస్టులు అధికసంఖ్యాకులైన కొలది చట్టము వారికి భయహేతువు గాక సాధనమయ్యెను. పలు ప్రొటెస్టెంటు శాఖల ఉద్యమ ఫలముగా 1920లో మద్యనిషేధము అమలునకు వచ్చి, 1933లో రద్దయ్యెను. 1925లో టెనెస్సీ రాష్ట్రము ప్రభుత్వ పాఠశాలలలో మానవుని పరిణామ సిద్ధాంతము బోధింపరాదని శాసించెను. ఆ వేసవిలో డేటన్ గ్రామమున జాన్ స్కోప్స్ అను ఉపాధ్యాయునిపై విచారణ జరిగెను. మూడుమార్లు అధ్యక్షపదవికి పోటీచేసిన విలియమ్ జెన్నింగ్స్ బ్రయన్ ప్రాసిక్యూషను పక్షమున నిలిచెను. స్కోప్సునకు 100 డాలర్ల జరిమానా పడినను, పత్రికల పరిహాసము బ్రయన్ పక్షమునకే తగిలినది. విచారణ ముగిసిన ఐదుదినములకు బ్రయన్ మరణించెను. పిదప మూలసూత్రవాదులు పలువురు రాజకీయములకు దూరమై, తమ బడులు, రేడియో ప్రసంగములు, గ్రంథములతో వేఱొక లోకము నిర్మించుకొనిరి.

1960లో కాథలిక్కైన కెనడీ అధ్యక్షపదవికి పోటీచేసినప్పుడు పాతవాదము మరల వినవచ్చెను. డల్లాసులోని బాప్టిస్టు బోధకుడు డబ్ల్యు. ఏ. క్రిస్వెల్, సంఘమును రాజ్యమును వేఱుగా నుంచవలెనను సూత్రమునే ఆధారము చేసికొని ఆ అభ్యర్థిత్వము నెదిరించెను. ఈ శంకకు కెనడీ ఆ సెప్టెంబరులో హ్యూస్టను బోధకుల సభలో సమాధానమిచ్చెను. ఆ క్రిస్వెలే 1984లో, ఆ వేర్పాటు అవిశ్వాసుల ఊహ మాత్రమేయని పలికెను. ఇరువదినాలుగేండ్లలో ఒక్కని నోటనే రెండు మాటలు వచ్చుటకు హేతువేమి?

సుప్రీంకోర్టు 1962లో ప్రభుత్వ పాఠశాలలలో అధికారిక ప్రార్థనను, 1963లో బైబిలు పఠనమును రాజ్యాంగ విరుద్ధములని తీర్మానించెను. అప్పటికిని సదరన్ బాప్టిస్టులు పాతబాట పూర్తిగా విడువలేదు; ప్రథమ సవరణను మార్పరాదని 1964లో తీర్మానించిరి. 1971లో కొన్ని పరిస్థితులలో గర్భస్రావమునకు అనుమతినిచ్చు చట్టములను సైతము బలపరచిరి. 1973లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును గుర్తించిన పిదప సమాజమున కలిగిన కలవరముతో పాటు మరియొక కారణము పనిచేసినది. వర్ణభేదము పాటించు ప్రైవేటు విద్యాసంస్థల పన్ను మినహాయింపును ప్రభుత్వము తొలగింపసాగెను. బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయము ఈ వ్యాజ్యమున 1983లో ఓడిపోయినది. తమ బడులలోనికి, కుటుంబములలోనికి రాజ్యమే మొదట చొరబడినదనియు, తాము చేయునది ఆత్మరక్షణయే యనియు సంప్రదాయవాదుల వాదము. ఆ బాధ నిజమైనదే యైనను, దానిలో వర్ణభేద రక్షణ కొంత కలిసియుండెనను సంగతియు నిజమే.

వర్జీనియాలోని బాప్టిస్టు బోధకుడు జెర్రీ ఫాల్వెల్ 1965లో, నల్లజాతివారి హక్కులకై పోరాడు బోధకులను ఉద్దేశించి, బోధకుని పని రాజకీయము కాదని ప్రసంగించెను. నాటి పోరాట నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ కూడ బాప్టిస్టు బోధకుడే. 1979లో ఆ ఫాల్వెలే మోరల్ మెజారిటీ యను రాజకీయసంస్థను స్థాపించెను. ఆ యేటనే సదరన్ బాప్టిస్టు కన్వెన్షను అధ్యక్షతను సంప్రదాయవర్గము గెలుచుకొనినది. 1980లో రొనాల్డు రీగన్ డల్లాసున వేలకొలది బోధకుల సభకు పోయి, వారు తనకు మద్దతు ప్రకటింపజాలకున్నను తన మద్దతు వారికి కలదని చమత్కరించెను. పన్ను మినహాయింపు పొందు సంఘములు అభ్యర్థులను బలపరచరాదను 1954 నాటి నిబంధన ఆ చమత్కారమునకు మూలము. ఆ యెన్నికలో ఓడిన జిమ్మీ కార్టర్, ఆదివారపు బడిలో పాఠములు చెప్పిన సదరన్ బాప్టిస్టు. రెండు పక్షములలో విశ్వాసికి ఓటమియు, విశ్వాసుల సంస్థల ఆదరణ పొందినవానికి గెలుపును కలుగుట గమనింపదగినది. 1982లో ఆ కన్వెన్షను పాఠశాల ప్రార్థనకై రాజ్యాంగ సవరణను కోరి, 1964 నాటి తన మాటను తానే త్రోసిపుచ్చినది. కార్టర్ 2000లో దానితో తెగతెంపులు చేసికొనెను.

అటుపై ఈ శక్తి రిపబ్లికన్ పక్షమునకు మూలస్తంభమయ్యెను. 1988లో పాట్ రాబర్ట్‌సన్ స్వయముగ ఆ పక్షపు అభ్యర్థిత్వమునకై పోటీచేసి ఓడి, మరుసటి సంవత్సరము క్రిస్టియన్ కొయలిషనును నెలకొల్పెను. 2016లో శ్వేతజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పదింట ఇంచుమించు ఎనిమిది పాళ్లు డొనాల్డు ట్రంపునకు దక్కెను. అతడు నియమించిన మువ్వురు న్యాయమూర్తులు చేరిన సుప్రీంకోర్టు 2022 జూనులో 1973 నాటి తీర్పును కొట్టివేసెను. 2024లో లూయిజియానా రాష్ట్రము ప్రతి ప్రభుత్వ తరగతిగదిలోను పది ఆజ్ఞలు వ్రేలాడదీయవలెనని శాసింపగా, ఆ వివాదము న్యాయస్థానముల కెక్కినది. నల్లజాతి బాప్టిస్టులలో అధికభాగము ఈ మార్గమున నడువలేదు. కావున బైబిలొక్కటే ఈ రాజకీయమునకు హేతువనుట చెల్లదు. అదే గ్రంథము, అదే బాప్తిస్మము గల రెండు జనములు రెండు వైపులకు ఓటు వేయుచున్నవి.

ఈ చరిత్రలో స్థిరముగా కనబడు సూత్రమొక్కటే. కొలదిమందిగా నున్నప్పుడు అడ్డుగోడను కోరినవారు, పెక్కుమందియైన చోట దానిని మఱచిరి. తమ చెఱసాలలు జ్ఞాపకమున్నంతకాలము బాప్టిస్టులు ఇతరుల మనస్సాక్షికై కూడ వాదించిరి.

ప్రవాసాంధ్రులకు ఈ సంగతి పరాయిది కాదు. భారత రాజ్యాంగపు 30వ అధికరణము మతాల్పసంఖ్యాకులకును, భాషాల్పసంఖ్యాకులకును ఒక్క వాక్యముననే విద్యాలయములు స్థాపించుకొను హక్కు నొసగినది. రాష్ట్రముల పునర్విభజనతో తెలుగువారు ఒకచోట అధికసంఖ్యాకులును, వేఱొకచోట అల్పసంఖ్యాకులును అయిరి. హోసూరున తెలుగుబడి నిలువవలెనని కోరునదియు, చిత్తూరు సీమలో తమిళబడి నిలువవలెనను కోర్కెను వినవలసినదియు ఒక్క జాతియే. డాన్‌బరీ బాప్టిస్టుల విన్నపమునకు విలువ ఎంతటిదో ఆ రెండవ తావుననే తేలును.