పది కిలోమీటర్ల లోపల తుపాకీ

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 34వ సెక్షన్ అని ఒకటుంది. ఏదైనా ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటిస్తే, దాని లోపలా, చుట్టూ పది కిలోమీటర్ల దూరంలోనూ కాపురముండేవాళ్ళలో లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి మనిషీ మూడు నెలల్లోపు అటవీశాఖ దగ్గర తన పేరు నమోదు చేయించుకోవాలి. లైసెన్సు అక్కర్లేదని మినహాయింపు పొందినవాళ్ళు కూడా. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలన్నా వన్యప్రాణి విభాగం పెద్ద అధికారి ముందుగా ఒప్పుకోవాలి. ఇదంతా జాతీయ పార్కులకూ వర్తిస్తుందని ఆ తర్వాతి సెక్షన్.

మా వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు ఉంది. సుమారు 3,600 ఎకరాలు, దాన్నిండా కృష్ణజింకలు. దాని చుట్టూ పది కిలోమీటర్లకు గీత గీస్తే ఎల్బీనగర్, హయత్‌నగర్, కోచింగ్ సెంటర్ల దిల్‌సుఖ్‌నగర్ అన్నీ లోపలికే వస్తాయి. అంటే ఈ మూల లక్షలమంది ఉంటున్న అపార్ట్‌మెంట్లన్నీ, తుపాకీ విషయానికి వచ్చేసరికి, ఒక అడవి అంచున ఉన్న ఊళ్ళ కిందే లెక్క. తమాషా ఏంటంటే, 1975లో పార్కు కాకముందు ఇది నిజాం వేట మైదానం. తుపాకీ పట్టుకుని తిరగడం హోదాగా చెల్లిన నేల మీదే, తుపాకీ ఉంటే వచ్చి పేరు రాయించుకో అనే చట్టం వచ్చి కూర్చుంది.

ఈ పేరు రాయించడం గురించి మనవాళ్ళు వాదించుకుంటే ఎక్కువగా అమెరికా మాటల్లోనే వాదించుకుంటారు. మా వీధిలో డాలస్‌లోనో అట్లాంటాలోనో మనిషి లేని ఇల్లు తక్కువ, అందుకని ఆ గొడవ మన భోజనాల బల్ల దాకా వచ్చింది. అక్కడ 1986లో తుపాకీ యజమానుల రక్షణ చట్టం చేసి, తుపాకులూ యజమానుల జాబితాను కేంద్ర ప్రభుత్వం తయారుచేయకూడదని రాసుకున్నారు. ఇవాళ జాబితా రాస్తే రేపు దాన్ని పట్టుకుని ఇంటికొచ్చి లాక్కుంటారని వాళ్ళ భయం. ఇక్కడేమో జాబితా ఉండి తీరాలని చట్టం. మనకి ఆ భయమే తెలియదని, అది తెల్లవాళ్ళ పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు అలా అనిపించదు. ఇదే విజయవాడ హైవే మీద ఇంకో గంట ముందుకెళ్తే వచ్చే నల్లగొండ పల్లెల్లో ఆ భయం మీద పెద్ద వాదమే నడిచింది. కాకపోతే దాన్ని మనం తుపాకీ హక్కుల చర్చ అనలేదు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1878లో లిట్టన్ రెండు చట్టాలు తెచ్చాడు. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టేసేది, రెండోది ఆయుధాల చట్టం. మొదటిది నాలుగేళ్ళకే రిప్పన్ హయాంలో పోయింది. రెండోది స్వాతంత్ర్యం వచ్చాక కూడా కదల్లేదు. 1959లో కొత్త చట్టం చేశారు, అదీ 1962 అక్టోబరు 1న గానీ అమల్లోకి రాలేదు. పత్రిక కంటే తుపాకీకే ప్రభుత్వాలు ఎక్కువ భయపడతాయని దీన్నిబట్టి అనుకోవచ్చు. (పత్రికలకి వేరే చట్టాలు చేసుకున్నారు లెండి.) 1878 చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కి మినహాయింపు. అదే కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద మనుషులకే రిజిస్టర్లు పెట్టారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో ఎరుకలవాళ్ళు హాజరు చెప్పుకోవాల్సిన రోజుల్లో తెల్లదొర తన రైఫిల్ గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఒక జాతినంతటినీ నిరాయుధం చేసిన ఈ చట్టం బ్రిటిష్ పాలన చేసిన పాపాల్లోకెల్లా నల్లనిదని గాంధీ 1918లో రాశాడు, అదీ సైన్యంలో చేరమని పిలిచే కరపత్రంలో. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలని చేర్చారు. ఆ మహాసభకు అధ్యక్షుడు వల్లభ్‌భాయ్ పటేల్. పదిహేడేళ్ళ తర్వాత హైదరాబాదు మీదికి సైన్యాన్ని పంపిన హోంమంత్రీ ఆయనే.

మధ్యలో ఒక్క మాట, అల్లూరి సీతారామరాజు గురించి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులూ తూటాలూ పట్టుకెళ్ళినప్పుడు, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టి వెళ్ళాడు. తుపాకుల రిజిస్టరు మీద ఇంతకంటే ఎగతాళి నాకు ఇంకోటి తెలియదు.

ఇక తెలంగాణ. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆనాడు సంఘం వాళ్ళ చేతుల్లో ఉన్నవి గుత్పలూ వడిసెలలే. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాక తుపాకులు కొద్దికొద్దిగా చేతులు మారాయి. గడీల్లోవి కొన్ని, ఠాణాల్లోవి కొన్ని, మందు కూరి పేల్చే బర్మార్లు కొన్ని. రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజుల్లో ఆ బర్మార్‌కి లైసెన్సు ఉందా అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు పోలీసు చర్య. నిజాం లొంగిపోయాడు. అసలు ప్రశ్న అప్పుడు మొదలైంది: తుపాకులు ఇచ్చేయాలా? కొట్లాట నిజాం మీద, నిజాం పోయాడు, ఇక నెహ్రూ సైన్యం మీద బర్మార్లు పట్టుకుని నిలబడితే చచ్చేది మన జనమే అని రావి నారాయణరెడ్డి వైపు వాదన. సుందరయ్య, రాజేశ్వరరావుల వైపు వాదన వేరు: రైతు దున్నుకుంటున్న భూమి వెనక తుపాకీ ఉంది కాబట్టే అది అతని చేతిలో ఉంది, ఇచ్చేసిన మర్నాడు పట్నం పారిపోయిన దొర తిరిగొస్తాడు. ఇది ఊరికే ఊహ కాదు. సైన్యం వెనకాలే దొరలు గడీలకు తిరిగొచ్చారు. అమెరికావాళ్ళు జాబితా అంటే ఎందుకు ఉలిక్కిపడతారో నాకు కొంచెమైనా అర్థమైంది ఇక్కడే. తేడా ఒకటే. అక్కడ ఆ భయం ఉన్నవాడి భయం, ఇక్కడ భూమి అప్పుడే చేతికొచ్చినవాడి భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1948 డిసెంబరు మొదట్లో, ఢిల్లీలో రాజ్యాంగ సభ ముందుకు హెచ్.వి. కామత్ ఒక సవరణ తెచ్చాడు. కరాచీలో మాటిచ్చాం కదా, ఆయుధం ఉంచుకునే హక్కుని ప్రాథమిక హక్కుల్లో చేర్చండి అని. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. పౌరుడికి కావాల్సింది ఆయుధం పట్టే హక్కు కాదు, దేశం పిలిచినప్పుడు పట్టే బాధ్యత అన్నాడు. హక్కుగా ఇచ్చేస్తే దోపిడీదొంగలూ అదే గొడుగు కిందికి వచ్చి నిలబడతారన్నాడు. సవరణ వీగిపోయింది. 19వ అధికరణంలో ఆయుధం అన్న మాట ‘లేకుండా’ అనే మాటతోనే మిగిలింది: శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. (సిక్కుల కృపాణం సంగతి 25లో వేరే ఉంది.) ఆ రోజు ఆ సభలో హైదరాబాదు సంస్థానం ప్రతినిధులు లేరు. తుపాకీ ఇచ్చేయాలా వద్దా అని నిజంగా ప్రాణాల మీదికి తెచ్చుకుని తేల్చుకుంటున్న జనం తరఫున మాట్లాడే మనిషే అక్కడ లేడు.

నేను అంబేడ్కర్ పక్షమే. కామత్ గెలిచి ఉంటే ఆ హక్కు ముందుగా వెళ్ళేది గడీలోకే, గుడిసెలోకి కాదు. తుపాకీ కొనగలిగిందెవరో కడవెండి చెప్పింది. కానీ పల్లెల్లో తుపాకులు అప్పగించమని అడిగిన ప్రభుత్వం, అదే పూటన భూమికి హామీ ఇచ్చి ఉంటే ఆ మూడేళ్ళ నెత్తురు ఇంత పారేది కాదని కూడా అంటాను. భూమి మాట 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా అడిగితే గానీ రాలేదు, అదీ దానం రూపంలో. పార్టీ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరు 21న. కొన్ని నెలలకే జరిగిన ఎన్నికల్లో నల్లగొండ నుంచి నిలబడిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

ఇప్పటి సంగతికొస్తే, లైసెన్సుదారుకి ఒక ప్రత్యేక సంఖ్య, దేశమంతటికీ ఒకే కంప్యూటర్ జాబితా. 2019 సవరణతో మూడు తుపాకుల పరిమితి రెండుకి తగ్గింది. ఆయుధం ఉంచుకోవడం ఇక్కడ ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2023లో మళ్ళీ గుర్తుచేసింది. ఇదంతా నాకు సమ్మతమే. చిక్కల్లా చిన్నవాడి దగ్గరే వస్తుంది. మా కాలనీలో ఒక మాజీ జవాను ఉన్నాడు, సొంత లైసెన్సు మీద డబుల్ బ్యారెల్ ఉంది, అది ఉందనే ఒక చోట గార్డు ఉద్యోగమిచ్చారు. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో జమ చేయమంటారు. గుండుగుత్తగా అందరి దగ్గరా తీసుకోవద్దు, మనిషి మనిషినీ చూసి తేల్చండని హైకోర్టులు చెప్పాయి గానీ, స్టేషన్ నుంచి ఫోనొస్తే ఆయన తీర్పు కాగితం పట్టుకెళ్ళడు కదా. తుపాకీ లేని గార్డుకి జీతం సగమే ఇచ్చారట, ఆ నెలన్నరా. 34వ సెక్షన్ గురించి చెప్తే చాలాసేపు నవ్వాడు. జింకల ఆఫీసులో కూడా రాయించుకోవాలా అన్నాడు. ఆ తర్వాత నవ్వాపి, దానికి ఫీజెంత, ఏ కౌంటర్లో కట్టాలి అని అడిగాడు.