ఫోటో కింద రాసిన పేర్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగారు. యుద్ధాల గురించి, సేనాధిపతుల వ్యూహాల గురించి సాధికారంగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా గుమాస్తాగా కాగితాలు సరిచూసినవాణ్ణి. అందుచేత వ్యూహాల జోలికి పోకుండా, యుద్ధభూమిలో తీసిన ఒక ఫోటో గురించి, దాని కింద అక్కడి ప్రభుత్వం వారు రాయించిన పేర్ల గురించి మనవి చేస్తాను. రికార్డులో పేరు తప్పుపడితే ఏమవుతుందో మన పింఛనుదారులకు వేరే చెప్పనక్కరలేదు కదా.

ఆ ఫోటోను మీలో చాలామంది ఏదో ఒక పుస్తకంలో చూసే ఉంటారు. రాళ్లూ రప్పలూ నిండిన కొండ మీద ఆరుగురు అమెరికన్ సైనికులు పొడవాటి ఇనుప గొట్టానికి కట్టిన జెండాను పైకి లేపుతుంటారు. గొట్టం ఇంకా ఏటవాలుగానే ఉంటుంది. ముందున్నవాడు బాగా వంగి దాని మొదలును నేలలో దిగవేస్తుంటాడు. అందరికంటె వెనక ఉన్నవాడి చేతులు గొట్టానికి అందక గాలిలో చాచి ఉంటాయి. ఆరుగురిలో ఒక్కరి ముఖమూ స్పష్టంగా కనిపించదు. ఆ ఫోటో బలమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. ముఖం కనిపించని సైనికుడిలో ఏ తల్లి అయినా తన బిడ్డను చూసుకోగలదు. తరువాత వచ్చిన చిక్కంతా కూడా అందులోనే ఉంది.

ఇవో జిమా అనేది టోక్యోకు దక్షిణంగా దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న అగ్నిపర్వత ద్వీపం. వైశాల్యం 21 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 1945 ఫిబ్రవరి 19న అమెరికన్ మెరైన్లు అక్కడ దిగారు. ద్వీపం చివర 169 మీటర్ల ఎత్తున సురిబాచి అనే కొండ ఉంది. అయిదో రోజున, అంటే ఫిబ్రవరి 23 ఉదయం, ఆ కొండ మీద చిన్న జెండా ఒకటి ఎగరవేశారు. దాన్ని లూయిస్ లోరీ అనే మెరైన్ ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. అది దూరానికి కనబడటం లేదని, మధ్యాహ్నం దాని స్థానంలో పెద్ద జెండా కట్టమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. మనం చూస్తున్నది ఈ రెండో జెండా. మొదటి జెండా ఫోటో ఎంతమందికి గుర్తుంది?

రెండోదాన్ని తీసినవారు అసోసియేటెడ్ ప్రెస్ ఫోటోగ్రాఫరు జో రోసెంతాల్. చూపు సరిగా లేదని సైన్యంలో చేర్చుకోని మనిషి. కొండ ఎక్కుతుండగా, దిగివస్తున్న లోరీ ఎదురై జెండా ఎప్పుడో ఎగరవేశారని చెప్పాడట. అయినా పైకి వెళ్లారు. పొట్టివారు కావడం వల్ల రాళ్లూ ఇసుక సంచులూ పేర్చుకుని వాటిపై నిలబడేసరికి గొట్టం లేస్తోంది. కెమెరాలోంచి సరిగా చూసే వ్యవధి కూడా లేకుండా మీట నొక్కారు. ఫిలిం గువాం దీవికి వెళ్లింది. అక్కడ కడిగి వైర్‌లెస్ ద్వారా పంపితే ఫిబ్రవరి 25 ఆదివారం నాటికి అమెరికా పత్రికల మొదటి పేజీల్లో అచ్చయింది. ఇది పథకం ప్రకారం నిలబెట్టి తీసిన ఫోటో అన్న అపవాదు ఆయన్ని 2006లో మరణించేదాకా వదలలేదు. పక్కనే నిలబడి అదే సమయంలో రంగుల సినిమా తీసిన బిల్ జెనాస్ట్ ఫిలిం చూస్తే ఆ మాట అబద్ధమని తేలిపోతుంది. ఆ జెనాస్ట్ మాత్రం పది రోజులైనా గడవకముందే అక్కడే చనిపోయాడు.

ఈ జెండాతో యుద్ధం ముగిసిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పోరు 36 రోజులు సాగింది. జెండా లేచింది అయిదో రోజున. ఫోటోలోని ఆరుగురిలో ముగ్గురు ఆ తరువాత అదే ద్వీపంలో మరణించారు. అమెరికన్లు సుమారు 6,800 మంది చనిపోయారు. ఇరవై వేలకు పైగా ఉన్న జపాను సైనికుల్లో బతికి బయటపడినవారు చాలా స్వల్పం.

అప్పటికి అమెరికా ప్రభుత్వానికి యుద్ధ ఖర్చులకు డబ్బు కావాలి. ఏడో విడత యుద్ధ ఋణం సేకరించాలి. ఫోటోలోని కుర్రాళ్లను వెనక్కి పిలిపించి ఊరూరా తిప్పితే జనం బాండ్లు కొంటారని పెద్దలు నిశ్చయించారు. మరి వాళ్లెవరు? కాల్పుల మధ్య నిమిషంలో జరిగిపోయిన పని. అక్కడ పేర్లు రాసుకున్నవాడు లేడు. జెండాను కొండపైకి మోసుకువెళ్లిన రెనె గాన్యన్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడిని వాషింగ్టన్‌కు రప్పించి, ఫోటో ముందు పెట్టి అడిగారు. అతను చెప్పిన పేర్లతో జాబితా తయారైంది. జాబితా పత్రికలకు వెళ్లింది. తప్పు అక్కడ ప్రవేశించింది.

ముందు వంగి ఉన్నవాడు సార్జంట్ హెన్రీ హాన్సెన్ అని రాశారు. నిజానికి అతను టెక్సాస్ కుర్రవాడు హార్లన్ బ్లాక్. ఇద్దరూ మార్చి 1వ తేదీనే చనిపోయారు కనుక వచ్చి చెప్పేవారు లేరు. బ్లాక్ తల్లి మాత్రం ఫిబ్రవరిలో పత్రిక చూడగానే, పేర్లేవీ రాకముందే, వీడు నా కొడుకు అన్నదట. ముఖం లేదు, వీపు మాత్రమే కనిపిస్తోంది, నీకెలా తెలుసమ్మా అని ఇంట్లోవారు అన్నా ఆమె మాట మార్చలేదు. ప్రభుత్వం వేరే పేరు ప్రకటించాక కూడా మార్చలేదు.

తప్పు తెలిసినవాడు ఒకడున్నాడు. అరిజోనా రాష్ట్రంలోని పిమా తెగకు చెందిన ఐరా హేస్. చేతులు గాలిలో చాచి ఉన్నది ఇతనే. అది హాన్సెన్ కాదు, బ్లాక్ అని వాషింగ్టన్‌లో ఒక అధికారికి చెప్పాడు. పేర్లు అధికారికంగా ప్రకటించేశాం, చనిపోయినవాళ్లు ఎలాగూ చనిపోయారు, నోరు మెదపకు అని ఆయన జవాబు. ఆర్డరు వెలువడింది కాబట్టి ఇంక చేసేదేమీ లేదు అన్న ఈ జవాబు మన కార్యాలయాల్లో విన్నవాళ్లకు కొత్తగా అనిపించదు. నాకు తెలిసిన ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరులో తండ్రి పేరు ఒక అక్షరం తప్పుపడి, కుటుంబ పింఛను మంజూరయ్యేనాటికి ఆయన భార్య ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. సముద్రాలు దాటినా కాగితం కాగితమే.

ఋణసేకరణ యాత్ర 1945 మే నెలలో మొదలైంది. 1,400 కోట్ల డాలర్లు లక్ష్యం పెట్టుకుంటే 2,600 కోట్లు దాటింది. జూలై 11న ఇదే బొమ్మతో మూడు సెంట్ల తపాలా బిళ్ల విడుదల చేశారు. బతికున్న వ్యక్తుల బొమ్మలు తపాలా బిళ్లలపై వేయరాదన్న సంప్రదాయాన్ని కూడా పక్కకు పెట్టారు. ఊరూరా సన్మానాలు, దండలు, విందులు. హేస్ తాగుడులో పడ్డాడు.

1946 మే నెలలో అతను ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, కొంత నడిచీ కొంత దారిన పోయే లారీలు ఎక్కీ, సుమారు 2,100 కిలోమీటర్లు ప్రయాణం చేసి బ్లాక్ తండ్రిని కలిశాడు. ఆ ఫోటోలో ఉన్నది మీ అబ్బాయే అని చెప్పి తిరిగి వెళ్లిపోయాడు. ఆ తరువాత తల్లి తమ ప్రాంత ప్రతినిధి ద్వారా విచారణ జరిపించింది. 1947 జనవరిలో హాన్సెన్ పేరు తీసి బ్లాక్ పేరు రాశారు. హేస్ 1955 జనవరిలో ఒక చలి రాత్రి తన ఊళ్లో చనిపోయాడు. వయస్సు 32. ఈ మొత్తం కథలో నేను లేచి నిలబడి నమస్కరించేది ఈ మనిషికే.

ఇలాంటిదే రష్యా వారికి ఉంది. 1945 మే 2న బెర్లిన్‌లో రైష్‌టాగ్ భవనం మీద ఎర్ర జెండా నిలుపుతున్న ఫోటో. తీసినవారు యెవ్‌గెనీ ఖాల్దేయ్. ఆయన మాస్కోలోనే ఎర్ర బట్టలతో జెండా కుట్టించుకుని వెంట తీసుకువెళ్లారు. ఫోటోలో ఒక సైనికుడికి రెండు చేతులకూ గడియారాలు ఉన్నట్టు కనిపిస్తే, దోపిడీ సొత్తని లోకం అనుకుంటుందని ఒకదాన్ని గీకి చెరిపేశారు. అక్కడా అధికారికంగా గౌరవం పొందిన పేర్లు వేరు, ఫోటోలో నిలబడ్డ మనుషులు వేరు.

మన దేశానికి అలాంటి ఫోటో ఏదంటే, 1971 డిసెంబరు 16 నాటి ఢాకా ఫోటో. రేస్‌కోర్సు మైదానంలో చిన్న బల్ల. జనరల్ నియాజీ సంతకం చేస్తుంటారు, పక్కన జనరల్ అరోరా చూస్తుంటారు. ఇవో జిమా ఫోటోకు ఇది పూర్తిగా భిన్నం. ఇందులో శౌర్యం లేదు, జెండా లేదు. ఉన్నది కాగితం, కలం, సంతకం. అన్ని ముఖాలూ స్పష్టం. వెనక నిలబడ్డవారిలో తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఉన్నారు. ఆయన కార్యస్థానం మన విశాఖపట్నమే. ఆ నెల మొదట్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి చేరువలో మునిగింది. కిటికీలకు నల్ల కాగితాలు అతికించుకుని, దీపాలార్పి కూర్చున్న రాత్రులు మన వయస్సు వారికి గుర్తే. అందుకే పత్రికలో ఆ ఫోటో చూసినప్పుడు విశాఖ వారికి అది ఎక్కడిదో దూరపు సంగతి అనిపించలేదు. దాదాపు 93,000 మంది యుద్ధఖైదీలైన మాట కంటె ఆ వంగిన తలే మనస్సులో నిలిచింది. మరో విశేషం: ఆ పత్రంలో పొరపాట్లున్నందువల్ల తరువాత కలకత్తాలో మళ్లీ టైపు చేయించి సంతకాలు తీసుకున్నామని జనరల్ జాకబ్ తమ పుస్తకంలో రాశారు. కాగితం మారింది, ఫోటో మారలేదు.

అన్ని పేర్లూ సరిగా ఉన్నా ఢాకా ఫోటోకు తగాదా తప్పలేదు. బంగ్లాదేశ్ ముక్తివాహిని అధిపతి ఉస్మానీ ఆ సభలో లేరు. వారి తరఫున ఖందకర్ హాజరయ్యారు. కానీ బల్ల దగ్గర సంతకాలు రెండే, భారత్‌ది, పాకిస్తాన్‌ది. మా విమోచన ఫోటోలో మేమెక్కడ అన్న బాధ అక్కడివారికి ఉంటే తప్పుపట్టలేము. 2024 ఆగస్టులో ఢాకా ప్రభుత్వం కూలినప్పుడు, ముజీబ్‌నగర్‌లో ఈ దృశ్యాన్ని చూపే విగ్రహాలను గుంపులు పగలగొట్టాయి. అదే ఏడాది డిసెంబరులో, ఢిల్లీలో సైన్యాధిపతి కార్యాలయంలో ఉన్న ఈ దృశ్యం చిత్రపటాన్ని అక్కడి నుంచి తీసి మానెక్‌షా సెంటర్‌లో పెడితే, మాజీ సైనికాధికారులు పత్రికల్లో అభ్యంతరం చెప్పారు. యాభై మూడేళ్ల తరువాత ఒక పటం గోడ మారితే ఇంత గొడవ. పగలగొట్టినవారైనా, బాధపడ్డవారైనా అది ఉత్త బొమ్మ అని అనుకోలేదన్నమాట.

మళ్లీ ఇవో జిమాకు వస్తాను. 1947 దిద్దుబాటుతో వ్యవహారం ముగిసిందనే అందరూ అనుకున్నారు. నావికాదళ వైద్య సహాయకుడు జాన్ బ్రాడ్లీ ఆరుగురిలో ఒకడని పుస్తకాల్లో, పాఠాల్లో స్థిరపడిపోయింది. ఆయన కుమారుడు రాసిన పుస్తకం 2000లో వచ్చింది, 2006లో సినిమా అయింది. అప్పుడు ఇద్దరు ఔత్సాహికులు, ఉద్యోగరీత్యా చరిత్రకారులు కానివారు, ఆ రోజు తీసిన ఇతర ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడటం మొదలుపెట్టారు. బ్రాడ్లీ మిగతా ఫోటోల్లో పంట్లాం అంచులు పైకి మడిచి ఉంటాడు. జెండా ఫోటోలోని మనిషివి మడిచి లేవు. నడుముకు ఉన్న పటకా వైద్య సహాయకుడిది కాదు, తుపాకీ పట్టేవాడిది. హెల్మెట్టు పట్టీ ఒకవైపు తెగి వేలాడుతోంది. ఇలా ఒక్కొక్క ఎంట్రీ టిక్కు పెట్టుకుంటూ పోయారు. ఇంత శుభ్రమైన ఆడిటు నేను వినలేదు. 2014లో వారి పరిశోధన ఒక పత్రికలో వచ్చింది. మెరైన్ల విభాగం విచారణ జరిపి, 2016 జూన్‌లో బ్రాడ్లీ కాదు, హెరాల్డ్ షుల్ట్జ్ అని ప్రకటించింది. 2019లో మరొక దిద్దుబాటు. గాన్యన్ కూడా ఫోటోలో లేడు, అతనిదనుకున్న స్థానంలో ఉన్నది హెరాల్డ్ కెల్లర్. వేలికి ఉన్న పెళ్లి ఉంగరం పట్టించింది. గాన్యన్‌కు అప్పటికి పెళ్లి కాలేదు.

బ్రాడ్లీ, గాన్యన్ అబద్ధాలకోరులని నేను అనను. ఇద్దరూ ఆ రోజు కొండ మీద ఉన్నవాళ్లే. బ్రాడ్లీ మొదటి జెండా ఎగరవేసినప్పుడు ఉన్నాడు, గాన్యన్ రెండో జెండా మోసుకువచ్చాడు. ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాళ్లకు పైఅధికారులు ఇది నువ్వే అని చెప్పి, దేశమంతా చప్పట్లు కొడుతుంటే, కాదని చెప్పగలిగే ధైర్యం ఎందరికుంటుంది?

షుల్ట్జ్ సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆయన లాస్ ఏంజెలెస్‌లో తపాలా శాఖలో చిన్న ఉద్యోగం చేసి, మనలాగే రిటైరై, 1995లో మరణించారు. జెండా ఎత్తినవాళ్లలో తానొకణ్ణని భోజనాల దగ్గర ఒక్కసారి సవతి కూతురితో అన్నారట. అయితే మీరు వీరులన్నమాట అని ఆ అమ్మాయి అంటే, కాదు, నేను మెరైన్‌ని అన్నారట. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తన బొమ్మ ఉన్న తపాలా బిళ్లలు వాడకలో ఉన్న శాఖలోనే పనిచేస్తూ ఆ మనిషి అంతకాలం ఊరుకున్నారు. కెల్లర్ 1979 మార్చిలో పోయారు, గాన్యన్ అదే ఏడాది అక్టోబరులో. తప్పు దిద్దేనాటికి ఆరుగురిలో ఎవరూ లేరు.

ఈ ఫోటో నమూనాగా వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఫెలిక్స్ డి వెల్డన్ పోతపోసిన కంచు స్మారకం ఉంది. 1954 నవంబరు 10న ప్రారంభమైంది. ఒక్కొక్క విగ్రహం 32 అడుగుల ఎత్తు. ఆ రోజు హేస్, గాన్యన్, బ్రాడ్లీ ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. దిమ్మె చుట్టూ 1775 నుంచి మెరైన్లు పోరాడిన యుద్ధాల పేర్లన్నీ చెక్కి ఉన్నాయి. జెండా ఎత్తిన ఆరుగురి పేర్లు మాత్రం అక్కడ చెక్కలేదు. కాబట్టి 2016లోనూ 2019లోనూ పుస్తకాలు దిద్దవలసి వచ్చింది గానీ, ఆ రాతి మీద ఒక్క అక్షరం కూడా చెరపవలసిన అవసరం రాలేదు.