కెనడా రాష్ట్రముల ప్రజారోగ్య బీమా: నమోదు, అర్హతల చరిత్రము

కెనడా దేశమున వైద్యునివలన గాని ఆసుపత్రిలో గాని పొందిన ఆవశ్యక చికిత్సకు రోగి తన చేతినుండి సొమ్ము చెల్లింపనక్కరలేకుండ, ఆ వ్యయమును ప్రభుత్వధనమునుండియే భరించు విధానమునకు మెడికేర్ అని వాడుకపేరు. దేశమంతటను బీమా యొక్కటియే యని పరదేశీయులు తలంచుట కద్దు; కాని 1867 నాటి రాజ్యాంగ శాసనము ఆసుపత్రుల స్థాపనమును, నిర్వహణమును రాష్ట్రముల కప్పగించినందున, పది రాష్ట్రములును మూడు టెరిటరీలును తమ తమ చట్టముల ననుసరించి నడపుకొనుచున్న పదుమూడు వేర్వేరు బీమాల సముదాయమే మెడికేర్. ఒంటారియోలో దానిని ఓహిప్ అనియు, బ్రిటిష్ కొలంబియాలో ఎంఎస్పీ అనియు వ్యవహరింతురు. క్విబెక్‌లో దాని నిర్వహణము రామ్క్ అను సంస్థది. ఆంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ తెల్ల రేషను కార్డు గల కుటుంబముల నుద్దేశించినది కాగా, ఇచట కోటీశ్వరునకును కూలివానికిని కార్డు ఒక్కటియే. ధనముగాని దారిద్ర్యముగాని వయస్సుగాని ఇందు ప్రమాణములు కావు; ఆ రాష్ట్రమున స్థిరముగా నివసించుటయే మూలప్రమాణము. కావున ఈ బీమాయొక్క చరిత్రమంతయు, నివాసి యెవడన్న ప్రశ్నకు ప్రభుత్వములు కాలక్రమమున చెప్పిన సమాధానముల చరిత్రమనియే భావింపవచ్చును.

దీనికి పుట్టినిల్లు గోధుమపొలముల సస్కాచెవాన్ రాష్ట్రము. విశాలమైన ఆ మైదానములలో ఒక్కొక్క పల్లె మరియొక పల్లెకు దూరముగా నుండి, రోగుల రుసుములమీదనే బ్రతుకవలసిన వైద్యుడు అచట నిలువజాలకుండెను. అట్టి స్థితిలో సార్నియా అను గ్రామీణ మున్సిపాలిటీ, వైద్యుడు ఊరు విడిచి పోకుండ, 1915 ప్రాంతమున పన్నుల సొమ్మునుండి అతనికి భృతి నేర్పరచెను. మరుసటి యేడే రాష్ట్రశాసనసభ ఇట్టి యేర్పాట్లకు చట్టబద్ధత కల్పించెను. ఊరిలో పన్ను చెల్లించువాడే ఆ వైద్యుని సేవకు హక్కుదారుడు గనుక, పన్నుల చిట్టాయే నమోదుపుస్తకముగా నుపకరించెను. 1946 జూలై 1న స్విఫ్ట్ కరెంట్ ప్రాంతమున ఆరంభమైన ఆరోగ్యమండలము ఇదే సూత్రమును విస్తరింపజేసి, తలపన్నును భూమిపన్నును కలిపి, మండలవాసుల కందరికిని వైద్యుని సేవను ఆసుపత్రి చికిత్సను సమకూర్చెను. కొలది వేల రైతుకుటుంబములు తమంతట తాము సాధించిన ఈ కార్యము, పిమ్మట వచ్చిన మహాశాసనములన్నిటికిని ప్రయోగశాల వంటిది.

1944లో ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన టామీ డగ్లస్ బాల్యమున ఎముకవ్యాధిచే పీడింపబడి, కాలు తీసివేయవలసిన దశకు వచ్చినవాడు. విన్నిపెగ్ నగరమున ఒక శస్త్రవైద్యుడు, తన విద్యార్థులు చూచి నేర్చుకొనుటకు అనుమతించినచో ఉచితముగా చికిత్స చేయుదునని చెప్పి, ఆ కాలిని నిలిపెను. ఒక బాలుని అవయవము ఒకానొక వైద్యుని దయమీద ఆధారపడుట న్యాయముకాదని డగ్లస్ జీవితాంతము చెప్పుచుండెను. ఈ బీమాకు మూలమైన ధర్మము నింతకన్న సూటిగా నిరూపించు వృత్తాంతము మరియొకటి కానరాదు. ఆయన ప్రభుత్వము 1947 జనవరి 1నుండి రాష్ట్రవ్యాప్తముగ ఆసుపత్రి బీమాను ప్రవేశపెట్టెను. తలకు ఏటికి 5 డాలర్లు, కుటుంబమునకు 30 డాలర్లకు మించకుండ, ప్రీమియము నిర్ణయింపబడెను. దానిని వసూలు చేయుటయు, కుటుంబసభ్యుల పేర్లు నమోదు చేయుటయు మున్సిపాలిటీల బాధ్యత యయ్యెను. ఉత్తర అమెరికాలో ఒక ప్రభుత్వము తన ప్రజలనందరిని ఆరోగ్యము నిమిత్తము పేరుపేరున పట్టిక కెక్కించుట కిదియే ప్రథమోదాహరణము.

ఇతర రాష్ట్రములు ఒక్కటొక్కటిగా ఈ మార్గము త్రొక్కెను. 1957లో ఫెడరల్ పార్లమెంటు, ఆసుపత్రి బీమా నెలకొల్పిన రాష్ట్రముల వ్యయములో రమారమి సగము తాను భరించునట్లు చట్టము చేయగా, అది 1958 జూలై 1న అమలులోనికి వచ్చెను. 1961 నాటికి పది రాష్ట్రములును అందు చేరెను.

ఆసుపత్రి గోడలు దాటి వైద్యుని గదివరకు బీమాను విస్తరించుట మాత్రము కలహము లేక జరుగలేదు. సస్కాచెవాన్‌లో డగ్లస్ అనంతరము ముఖ్యమంత్రియైన వుడ్రో లాయిడ్ ప్రభుత్వము 1962 జూలై 1న వైద్యసేవా బీమాను అమలు చేసిన దినముననే వైద్యులు సమ్మెకు దిగిరి. ప్రభుత్వము తమకు యజమాని యగుట వారికి సహింపరానిదయ్యెను. ఇంగ్లండునుండి వచ్చిన లార్డ్ టేలర్ మధ్యవర్తిత్వమున ఇరువదిమూడవ దినమున సస్కటూన్‌లో ఒడంబడిక కుదిరెను: వైద్యులు స్వతంత్రులుగనే యుందురు, వారి బిల్లులు మాత్రము ప్రభుత్వము చెల్లించును. నేటికిని కెనడా వైద్యులలో పెక్కురు ఉద్యోగులు కాక స్వతంత్రవృత్తి గలవారై యుండుటకును, రోగి ఆరోగ్యకార్డు చూపగనే వారు ఆ సంఖ్యమీద ప్రభుత్వమునకు బిల్లు పంపుకొనుటకును మూల మీ ఒడంబడికయే.

న్యాయమూర్తి ఎమ్మెట్ హాల్ అధ్యక్షతను ఏర్పడిన కమిషను 1964లో ఈ పద్ధతి దేశమంతటికిని తగినదని నివేదించెను. 1966 నాటి వైద్యసంరక్షణ చట్టము 1968 జూలై 1న అమలులోనికి రాగా, ఒంటారియో 1969లోను క్విబెక్ 1970లోను అందు చేరెను. అయినను కొందరు వైద్యులు ప్రభుత్వము చెల్లించు దానికి తోడు రోగినుండియు అదనముగా వసూలు చేయుచుండగా, ఆరోగ్యమంత్రిణి మోనీక్ బేజాన్ ప్రవేశపెట్టిన కెనడా ఆరోగ్యచట్టము 1984లో ఏకగ్రీవముగా ఆమోదింపబడెను. ప్రజానిర్వహణము, సమగ్రత, సార్వజనీనత, రాష్ట్రాంతరమునను చెల్లుబాటు, సులభప్రాప్యత అను అయిదు నియమములను పాటింపని రాష్ట్రమునకు ఫెడరల్ నిధులు తగ్గింపబడునని ఆ చట్టము శాసించుచున్నది.

రాష్ట్రాంతర చెల్లుబాటు నియమములోనే నమోదునకు సంబంధించిన ముఖ్యమగు చిక్కొకటి యిమిడి యున్నది. క్రొత్తగా వచ్చినవానికి బీమా నిచ్చుటకు ముందు ఏ రాష్ట్రమును మూడు మాసములకు మించి నిరీక్షింపజేయరాదని చట్టము. ఆ నిరీక్షణకాలమున వాని వైద్యవ్యయమును అతడు విడిచివచ్చిన రాష్ట్రము భరింపవలెను. ఒక రాష్ట్రము చేయి విడుచునప్పటికి మరియొకటి చేయి పట్టుకొనునట్లు కూర్చిన ఈ ఏర్పాటు కెనడాలోపల ఇల్లు మార్చువారికి ఏ లోటును రానీయదు. కాని హైదరాబాదునుండియో విజయవాడనుండియో వచ్చి విమానము దిగినవానికి వెనుక రాష్ట్రమేదియు లేదు. ఇద్దరికిని వర్తించు నియమ మొక్కటియే యైనను, అతనికి మాత్రమది మూడు మాసముల నిరాధారస్థితియై పరిణమించుచున్నది. ఒంటారియో 1994లో ఈ నిరీక్షణమును విధింపగా, దానిపై వ్యాజ్యము నడచి, 2001లో అప్పీలు న్యాయస్థానము ప్రభుత్వపక్షమునే సమర్థించెను. న్యాయస్థానము చట్టబద్ధమన్నంత మాత్రమున అది సమంజసమని ఒప్పుకొనుట కష్టము. గర్భిణులును చంటిబిడ్డల తల్లులును ప్రైవేటు బీమా కొనలేక వైద్యమును వాయిదా వేసికొనుటకే అది దారితీయును. 2020 మార్చిలో కోవిడ్ వ్యాప్తి కారణముగ ఒంటారియో దీనిని తొలగించెను. బ్రిటిష్ కొలంబియాలో వచ్చిన నెలలో మిగిలిన దినములును, ఆపై రెండు నెలలును ఆగవలయును. క్విబెక్ సైతము మూడు నెలలవరకు ఆపును గాని, గర్భము, ప్రసవము, అంటువ్యాధులు, గృహహింస లేక లైంగికహింస పాల్బడినవారి చికిత్స మొదలగు వానికి మినహాయింపు నిచ్చుచున్నది.

ప్రీమియములయొక్క కథ వేరు. ఒంటారియోలో ప్రీమియము 1990 జనవరి 1న రద్దై, దాని స్థానమున యజమానులపై జీతపు మొత్తములో గరిష్ఠముగా 1.95 శాతము పన్ను వచ్చెను. 2004 తరువాత ఆదాయపు పన్నుతోపాటు ఏటికి 900 డాలర్లకు మించని ఆరోగ్య ప్రీమియమును వసూలు చేయుచున్నారు గాని, అది చెల్లించుటకును కార్డునకును సంబంధము లేదు. ఆల్బర్టా 2009లోను, బ్రిటిష్ కొలంబియా 2020లోను తమ ప్రీమియములను త్రోసివేసెను. సొమ్ము చెల్లించిన రసీదు అర్హతకు సాక్ష్యమైన కాలము ఇట్లు గతించి, నివాసమును పత్రములతో నిరూపింపవలసిన కాలము వచ్చెను.

ఈ మార్పు ఒంటారియో కార్డు చరిత్రమున స్పష్టముగ గానవచ్చును. పూర్వము కుటుంబమున కంతటికిని ఒకే సంఖ్య యుండగా, 1990 ప్రాంతమున శిశువు మొదలు వృద్ధునివరకు ప్రతివ్యక్తికిని పది అంకెల సంఖ్యతో ఎరుపు తెలుపు రంగుల కార్డు నిచ్చిరి. దానిపై ఫోటోయు లేదు, గడువును లేదు. ఊరు విడిచినవారి కార్డులు సైతము చెల్లుబాటగుచున్నవను ఆరోపణ ప్రబలగా, 1995లో ఫోటోయు సంతకమును గడువుతేదీయు గల కార్డు వచ్చెను. అయినను పాతకార్డులు లక్షలకొలది చేతులలో నిలిచి, 2020 జూలై 1న గాని చెల్లకుండ పోలేదు.

ఒంటారియోలో నేటి నమోదు సర్వీస్ఒంటారియో అను ప్రభుత్వసేవా కార్యాలయమున జరుగును. దరఖాస్తుదారుడు మూడు అసలు పత్రములు కౌంటరు ముందుంచవలెను: పౌరత్వమును గాని వలస స్థితిని గాని తెలుపునది యొకటి, నివాసపు చిరునామాను ధ్రువపరచునది యొకటి, పేరును సంతకమును చూపునది వేరొకటి. ఒకే పత్రము రెండు పనులకు చెల్లదు. కావుననే, ఇంటి అద్దె ఒప్పందము భర్త పేరుననే యుండి, బ్యాంకు ఖాతా ఇంకను తెరువని భార్య, దేశములో నున్న మాట నిజమైనను, చిరునామాకు పత్రము చాలక వెనుదిరుగుట తటస్థించును. క్రొత్తగా వచ్చిన కుటుంబములు అద్దె ఒప్పందమున దంపతులిరువురి పేర్లును వ్రాయించుకొనుట మేలు. పత్రములు సరిపోయినచో అచటనే ఫోటో తీసి, సంతకము గైకొని, కార్డును తరువాత టపాలో ఇంటికి పంపుదురు. సంఖ్యవెనుక నుండు రెండక్షరములు అది ఆ కార్డుయొక్క ఏ ప్రతియో సూచించును. క్రొత్తకార్డు వచ్చిన పిమ్మట పాతదానినే చూపినచో, ఆ అక్షరములు సరిపడక వైద్యుని బిల్లు తిరస్కరింపబడును. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు మాత్రము, తల్లి ఇంటికి పోకముందే, అచటనే నమోదు పత్రమును పూర్తిచేయించి సంఖ్య నిత్తురు.

నమోదైన పిదప అర్హతను నిలుపుకొనుటకు దినముల లెక్క ముఖ్యము. ఒంటారియోలో ఏ పన్నెండు మాసములందైనను కనీసము 153 దినములు రాష్ట్రమున నుండవలెను; క్రొత్తవారు నివాసమేర్పరచుకొనిన తొలి 183 దినములలో 153 దినములు అచటనే గడుపవలెను. క్విబెక్ సాధారణముగా పంచాంగ సంవత్సరమున 183 దినములు లేక అంతకు మించి బయట నున్నవారికి బీమా నాపును గాని, ఇరువదియొక్క దినములకు మించని యాత్రలను లెక్కింపదు. చదువు నిమిత్తమో ఉద్యోగము నిమిత్తమో ముందుగా తెలిపి వెళ్లువారికి అదనపు గడువు కలదు. ఒంటారియోలో చిరునామా మారినను, వలస స్థితి మారినను ముప్పది దినములలో తెలుపవలెను. ఇది చాలమంది విస్మరించు నియమము. గడువు ముగియనున్నదను ఉత్తరము పాత యింటికి పోయి, కార్డు చెల్లని సంగతి ఆసుపత్రి కౌంటరువద్దనే తెలియవచ్చుట వలన కలుగు ఆందోళన అన్యాయమైనది, నివారింపదగినది.

1967లో జాతిభేదమును విడిచి యోగ్యతాంకముల పద్ధతిని కెనడా చేపట్టిన తరువాత వలస వచ్చిన తెలుగువారికి ఈ బీమా పర్మనెంట్ రెసిడెంట్లుగా లభించినది. తరువాతి తరమున విద్యార్థి వీసాపై వచ్చినవారి స్థితి వేరు. ఒంటారియో 1994లో విదేశీ విద్యార్థులను ఓహిప్ నుండి తొలగింపగా, విశ్వవిద్యాలయములు యూహిప్ అను ప్రత్యేక బీమాను నడుపుచున్నవి. మానిటోబా 2018లో అదే దారి పట్టెను. ఆల్బర్టా, సస్కాచెవాన్ మాత్రము దీర్ఘకాల స్టడీ పర్మిట్ గల విద్యార్థులను తమ బీమాలోనే చేర్చుకొనుచున్నవి. ఒకే దేశమున చదువు రాష్ట్రమునుబట్టి విద్యార్థి రక్షణ ఇంతగా మారుట విచారకరము.

చదువు ముగించి వర్క్ పర్మిట్ పొందినవాడు, ఒంటారియోలోని యజమానివద్ద కనీసము ఆరు మాసములు పూర్తికాల ఉద్యోగము చేయుచున్నట్లు లేఖ తెచ్చినచో, తానును తన జీవితభాగస్వామియు పిల్లలును ఓహిప్‌కు అర్హులగుదురు. పర్మిట్ పొడిగించిన ప్రతిపర్యాయమును క్రొత్త పత్రమును చూపి కార్డును మరల పొందవలెను. పురుడు పోయుటకో మనుమల నాడించుటకో సూపర్ వీసా అను దీర్ఘకాల సందర్శక వీసాపై వచ్చు తల్లిదండ్రులకు ఏ రాష్ట్రపు బీమాయు వర్తింపదు. వారు కనీసము 1,00,000 డాలర్ల ప్రైవేటు బీమాను ఒక సంవత్సరమునకు కొని, దానిని వీసా దరఖాస్తునందే చూపవలసియుండును.