తోడేలునకు సేవ

మా మామిడికుదురు వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ నున్నది. ఇచ్చట తోడేళ్ళు లేవు. రాత్రివేళ కొబ్బరితోటలలో కూయు నక్కయే మాకు పరిచితమైన అడవిమృగము. అట్టి మేము తోడేలును గూర్చి వ్రాయుటేల యని చదువరు లడుగవచ్చును. దాని చరిత్రలో మా పాలును గలదు.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసెను. పిమ్మట గన్నవరమువద్ద వైనతేయముపై కట్టిన అక్విడక్టు మీదుగా కాలువనీరు మా లంకకు వచ్చెను. పచ్చని నేలపై తరతరములుగా పెరిగిన మా కంటికి దున్నని భూమి యంతయు వ్యర్థమే. రెవిన్యూ దప్తరములదియు నిదే దృష్టి. గడ్డినేలలు వానిలో బంజరులుగా నెక్కినవి. ఆ బంజరే తోడేలునకు ఇల్లు.

ఇల్లు వ్యర్థమైనప్పుడు ఇంటివాడు దొంగ యగుట వింత కాదు. ఆంగ్ల ప్రభుత్వము తోడేలు తలకు వెల గట్టెను. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా ప్రకారము 1875 మొదలు 1925 వరకు ఈ దేశమున చంపబడిన తోడేళ్ళు రెండు లక్షలకు పైబడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ నిచ్చెను. 2022లో ప్రకటింపబడిన అంచనాలో మిగిలినవి సుమారు 3,100 మాత్రమే.

అట్టి గడ్డినేల మన రాష్ట్రముననే నందికొట్కూరు చేరువ రోళ్ళపాడులో గలదు. బట్టమేకపిట్ట కొరకు 1988లో దానిని అభయారణ్యము గావించిరి. కృష్ణజింకలును తోడేళ్ళును గల నేల యది. కాని చుట్టును కాలువలు వచ్చి పైరులు మారినవి. ఏ పక్షికొరకు దానిని కాచిరో ఆ పక్షియే కానరాకపోయెను. చట్టముచే కంచె వేయవచ్చును గాని కంచె వెలుపలి లోకమును నిలుపలేము.

కావున తోడేళ్ళకు స్వచ్ఛందసేవ చేయగోరు యువకులకు మా మనవి. ఆ సేవ తోడేలును నిమురుట కాదు. వేకువనే లేచి అడుగుజాడలు లెక్కించుట, ఊరకుక్కల రోగములు దానికి సోకకుండ వానికి టీకాలు వేయించుట, అన్నిటికంటె ముందుగా గొఱ్ఱెలకాపరి చెంత కూర్చుండుట. తోడేలు గొఱ్ఱెపిల్లను నోట గరచుకొని పోవును. కళేబరము దొరకనిచో నష్టమునకు సాక్ష్య మేది? చదువురాని కాపరికి అర్జీ వ్రాసి పెట్టి, పరిహారము చేతికందువరకు వెంట తిరుగువాడే నిజమైన సేవకుడు. 2024లో ఉత్తరప్రదేశములోని బహరాయిచి జిల్లాలో తోడేళ్ళ వాతబడి పసిబిడ్డలు మరణించిరి. అట్టి తల్లుల దుఃఖమును చులకన చేయువాడు తోడేలునకు మిత్రుడు కానేరడు.

కాలువనీరు మాకు అన్నము పెట్టినది. ఆ మేలు మరువము. అయినను నీరు పారని నేలలోను బ్రతుకు గలదని మేము నేర్వవలసి యున్నది. ఒకనాడు తోడేలును చంపుటకు కూలి యిచ్చిరి. నేడు దానిని బ్రతుకనిచ్చుచున్న కాపరి, తన మందనుండియే ఆ కూలి చెల్లించుచున్నాడు. ఆ ఋణము మనందరిది.